ఎర్ర (వానపాము) గుడ్ల సంచి వదిలేది తల వైపు నుంచా, తోక వైపు నుంచా?

గుణుపురం రైతు:
వంశధార ఒడ్డున మాకు కూరగాయల తోట ఉంది. వర్మీకంపోస్టు బెడ్డులోంచి నాలుగు ఎర్రల్ని తీసి, తడి ఎరువుతో గాజు సీసాలో పెట్టాను. రోజూ రాత్రి ఎర్రలైటు వేసి చూస్తున్నాను. నిన్న ఒకటి గుడ్ల సంచి వదులుతుంటే ఫోన్లో వీడియో తీశాను. ఎర్ర ముందుకు పాకింది, సంచి వెనక కొస నుంచి జారి అక్కడే ఉండిపోయింది. అంటే తోక నుంచే కదా! మా వాడేమో తల నుంచి అని పుస్తకంలో ఉందంటాడు. కళ్లారా చూసింది కాదంటే ఎలా ఒప్పుకోను?

పర్లాకిమిడి మాస్టారు:
మీరు చూసింది నిజమేనండీ. కానీ అది ముందుకే పాకిందని ఎలా తేల్చారు? పోతున్న వైపు తల ఉందనుకున్నారు. ఎర్ర వెనక్కి కూడా పాకుతుంది. గుడ్ల సంచి వదిలేటప్పుడు చేసేది అదే.

ఎదిగిన ఎర్ర ఒంటి మీద ఉబ్బెత్తుగా ఒక పట్టీ ఉంటుంది, క్లైటెల్లం అంటారు. అది ఏ కొసకు దగ్గరగా ఉంటే అదే తల. కంపోస్టు ఎర్రలో అది తల నుంచి లెక్కపెడితే సుమారు 25వ ఖండితం (ఒంటి మీద గీతల మధ్య కనిపించే ఒక్కో ముక్క) దగ్గర మొదలై 32 దాకా ఉంటుంది, వెనక ఒళ్లు ఇంకా చాలా మిగులుతుంది. ఆ పట్టీ చుట్టూ జిగురు గట్టిపడి ఉంగరంలా తయారవుతుంది. ఎర్ర అందులోంచి వెనక్కి జరుగుతుంటే ఉంగరం తల వైపు కదులుతుంది. 14వ ఖండితం కింద గుడ్లు, ఇంకా ముందుకొచ్చాక 9, 10 దగ్గర దాచుకున్న వీర్యం అందులో చేరతాయి. చివరికి తల మీదుగా ఊడి, రెండు కొసలూ మూసుకుని నిమ్మకాయ ఆకారంలోకి వస్తుంది.

బరంపురం విద్యార్థిని:
మాస్టారూ, అన్ని ఎర్రలకూ ఆ లెక్క కుదరదండీ. మా ల్యాబ్‌లో కోసే ఫెరిటిమా అనే రకం ఎర్రలో పట్టీ 14 నుంచి 16 వరకే. గుడ్లు బయటికొచ్చే ఆడ రంధ్రం 14లోనే, అంటే పట్టీ కిందే ఉంటుంది. గుడ్లు అక్కడే పడతాయి, దారిలో కాదు. సంచి ఊడేది తల మీదుగానే, ఆ మాట మాత్రం ఒప్పుకుంటాను. ఇంకోటి, ఈ ఆడ రంధ్రం పొట్ట వైపున ఉంటుంది. ఫెరిటిమా వీపు మీద నల్లటి గీత కనిపిస్తుంది, అది రక్తనాళం. పైనుంచి చూస్తే గీతే కనబడుతుంది, రంధ్రం కనబడదు. ముందు పొట్ట ఏదో, వీపు ఏదో చూసుకోవాలి.

పర్లాకిమిడి మాస్టారు:
నిజమే తల్లీ. నేను చెప్పింది కంపోస్టు ఎర్ర లెక్క.

గుణుపురం రైతు:
వీడియో మళ్లీ మెల్లగా తిప్పి చూశాను. పట్టీ సంచి ఊడిన కొసకే దగ్గరగా ఉంది. తోక ముందు పెట్టి పోయిందన్నమాట! మా వాడికి చూపించాను. ఒడియా బడిలో దీన్ని జియా అంటారట, రేపు వాళ్ల సారుకు చూపిస్తానని వీడియో అడిగాడు. ఒక్క అనుమానం మిగిలింది: పట్టీ ఇంకా రాని పిల్ల ఎర్రల్లో తల ఎటో ఎలా గుర్తుపట్టాలి?