రుషికొండ–గాజువాక కీ సర్వర్లు: మెయిల్ చేరుతోంది, కీ చేరట్లేదు

రుషికొండ అడ్మిన్:
నమస్కారమండీ. రుషికొండలో ఒకటి, గాజువాక బ్రాంచిలో ఒకటి, రెండు ఎస్‌కేఎస్ కీ సర్వర్లున్నాయి (మెయిల్ ఎన్‌క్రిప్షన్‌కి వాడే పీజీపీ పబ్లిక్ కీలు దాచి, వెతికితే ఇచ్చే సర్వర్లు). రెండు సర్వర్లూ నేరుగా కీలు పోల్చుకునే 'రికాన్'కి 11370 పోర్టు కావాలి, మధ్యలో ఫైర్‌వాల్ దాన్ని వదలదు, మెయిల్ ఒక్కటే పోతుంది. అందుకని 'మెయిల్‌సింక్' ఫైల్లో అవతలి అడ్రస్ రాశాం. ఇక్కడ కీ ఎక్కిస్తే గాజువాకకి మెయిల్ వెళ్తోంది, అక్కడ వెతికితే మాత్రం కీ దొరకదు. ఎక్కడ ఆగుతోంది?

మద్దిలపాలెం లైనక్స్:
గాజువాకలో మెయిల్ లాగ్ ఇంకో రెండు లైన్లు కిందికి చదవండి, 'పర్మిషన్ డినైడ్' కనిపించాలి. వచ్చిన మెయిల్ని 'ఎస్‌కేఎస్ యాడ్ మెయిల్' అనే చిన్న ప్రోగ్రాం అందుకుని, 'మెసేజెస్' ఫోల్డర్లో ఫైలుగా రాస్తుంది. అక్కణ్ణుంచి కీల డేటాబేస్ నడిపే డీబీ ప్రాసెస్ తీసుకుంటుంది. ఏ అడ్రస్‌కి వచ్చిన మెయిల్ ఏ ప్రోగ్రాంకి ఇవ్వాలో రాసే ఎలియాస్ ఫైలు రూట్ (సిస్టం అడ్మిన్ ఖాతా) పేరున ఉంటే, మెయిల్ సర్వర్ పోస్ట్‌ఫిక్స్ ఆ ప్రోగ్రాంని 'నోబడీ' యూజర్‌గా నడుపుతుంది, ఆ యూజర్‌కి ఫోల్డర్లో రాసే హక్కుండదు. ఫోల్డర్‌కి 777 (అందరికీ అన్ని హక్కులూ) ఇవ్వకండి. ఈ ఒక్క ఎలియాస్‌నీ వేరే ఫైల్లో పెట్టి, ఆ ఫైలుకీ, దాని డేటాబేస్ ఫైలుకీ ఎస్‌కేఎస్ యూజర్‌ని ఓనర్ చేయండి. పోస్ట్‌ఫిక్స్ ఆ ఓనర్ పేరుతోనే నడుపుతుంది.

రుషికొండ అడ్మిన్:
అదేనండీ, ఇప్పుడు వస్తున్నాయి. కానీ పాత కీలు రాలేదు.

సీతమ్మధార:
రావండి. మెయిల్ సింక్ అప్పటికప్పుడు మారిన కీని పంపుతుంది, అంతే. రికాన్‌లా రెండు వైపులా ఏం తేడా ఉందో పోల్చదు. ఒక మెయిల్ పోయిందంటే ఆ లోటు అలాగే ఉండిపోతుంది. పోయింది రివోకేషన్ (ఈ కీ ఇక చెల్లదనే ప్రకటన) అయితే మరీ ప్రమాదం: దొంగ చేతిలో పడ్డ కీకే గాజువాక వాళ్లు ఉత్తరాలు ఎన్‌క్రిప్ట్ చేస్తూ ఉంటారు. రుషికొండలో డంప్ (అన్ని కీల కాపీ) తీసి, గాజువాకలో సర్వీసు ఆపి, ఆ కీలని అక్కడి డేటాబేస్‌లో కలిపే 'మెర్జ్' నడపండి. రూట్‌గా కాదు, ఎస్‌కేఎస్ యూజర్‌గానే. లేకపోతే రూట్ పేరున పడ్డ ఫైళ్లు తెరవలేక డీబీ మళ్లీ లేవదు. ఇది వారానికోసారి రెండు వైపులా చేయాల్సిందే. స్టాట్స్ పేజీలో కీల లెక్క సరిపోయిందని వదిలేయొద్దు, రివోకేషన్ వల్ల ఆ లెక్క మారదు.

మద్దిలపాలెం లైనక్స్:
ఇంకోటి. ఆ అడ్రస్‌కి ఎవరు మెయిల్ పంపినా కీ ఎక్కేస్తుంది, పంపిందెవరో ఆ ప్రోగ్రాం చూడదు. 'ఫ్రం' అడ్రస్ ఎవరైనా మార్చగలరు కాబట్టి, అవతలి సర్వర్ ఐపీకి మాత్రమే అనుమతివ్వండి. పోస్ట్‌ఫిక్స్ మామూలుగా 1,02,40,000 బైట్లు దాటిన మెయిల్ తీసుకోదు. 2019లో కొన్ని కీలకి లక్షకి పైగా సంతకాలు తగిలించి వాటిని విపరీతంగా పెద్దవి చేశారు, అలాంటి కీ వస్తే ఇక్కడే ఆగుతుంది. పరిమితి పెంచకండి, ఆగనివ్వండి.