ప్రొపెల్లర్ బ్లేడును ‘రెక్క’ అనవచ్చా?

అందరికీ నమస్కారం. మాది రేణిగుంట. విమానాల మెయింటెనెన్స్ కోర్సు చదివే మనూరి పిల్లలకు తెలుగులో నోట్సు రాసి పెడుతున్నాను. ‘రెక్క’ దగ్గర పని ఆగింది.

సీలింగ్ ఫ్యానుకు మూడు రెక్కలంటాం. ఆ అలవాటు మీదే, ఇంజిన్ ముందు తిరిగి విమానాన్ని లాగే ప్రొపెల్లర్ బ్లేడునూ రెక్క అనేస్తున్నారు. ఏటీఆర్ 72-600 అనే ప్రొపెల్లర్ విమానం చూడండి. ఒంటికి అటూ ఇటూ రెక్కలు, వాటి మీద రెండు ఇంజిన్లు, ఒక్కో ప్రొపెల్లరుకు ఆరు బ్లేడ్లు. ‘రెక్క అంచున సొట్ట పడింది’ అని రాస్తే చదివేవాడు ఎక్కడ వెతకాలి? సొట్ట లోతు కొలిచి, మాన్యువల్‌లో ఆ భాగానికి ఇచ్చిన హద్దు దాటిందా లేదా చూడాలి. రెక్క హద్దులు వేరు, బ్లేడు హద్దులు వేరు.

నాకు తోచిన మాట ‘ఆకు’. ఎద్దులబండి చక్రంలో నడిమి నుంచి అంచు దాకా నిలబడే కర్రలను ఆకులనే అంటాం కదా. ఏటీఆర్‌ది ఆరాకుల ప్రొపెల్లర్. పలకడానికీ ఎంత బాగుందో చూడండి.

ఇంకో లాభం కూడా ఉంది. గాల్లో ఇంజిన్ ఆగిపోతే ప్రొపెల్లర్‌ను ‘ఫెదర్’ చేస్తారు. దాన్ని ఈక అని రాస్తే పిల్లాడికి ఏమీ అందదు. జరిగేది ఇది: ఆకులు తమ మొదలు దగ్గర తిరిగి, ఎదురుగాలికి వెడల్పు కాకుండా అంచు చూపిస్తాయి. అట్లా తిరగకపోతే వెడల్పు వైపు గాలి తగిలి విమానాన్ని వెనక్కి పట్టేస్తుంది. ‘ఆకు గాలికి అంచు పెట్టింది’ అంటే చాలు, పని కళ్లకు కడుతుంది.

తిరుపతి నుంచి: అన్నా, ఒక మాటకు రెండర్థాలుంటే ఏం పోయింది? కొండ మీద ఆనందనిలయ విమానం ఉంది, రేణిగుంటలో దిగేదీ విమానమే. ఇన్నేళ్లలో ఎవరైనా తికమక పడినారా?

జవాబు: బాగా అడిగినావు తమ్ముడూ. ఒకటి గర్భగుడి పైన, ఇంకోటి రన్‌వే మీద. చోటే అర్థం చెప్పేస్తుంది. ఇక్కడ రెండు రెక్కలూ ఒకే విమానానివి, చేయాల్సిన పనులు రాసే ఒకే జాబ్ కార్డులోకి వస్తాయి. అక్కడ చోటు కాపాడదు, మాటే కాపాడాలి.

పలమనేరు నుంచి: ఆకు నాకు సమ్మతమే. బండి మాటలు ఎత్తినారు కాబట్టి, ఇరుసు చివర చక్రం ఊడకుండా కొట్టే చీలను మరవొద్దండి. కాటర్ పిన్ను చేసే పనీ అదే కదా?

జవాబు: పని ఒకటే, చీల మాట తప్పకుండా తీసుకుంటానన్నా. ఒక్క తేడా. బండి చీల తీసి మళ్లీ కొట్టుకోవచ్చు. కాటర్ పిన్నుకు రెండు కాళ్లు. నట్టు గాడిలోంచి బోల్టు రంధ్రంలోకి దూర్చినాక కాళ్లు విడదీసి వంచుతారు. ఒకసారి తీసిందాన్ని మళ్లీ వేయకూడదు, లోహం అలసి ఉంటుంది, కొత్తదే వేయాలి. అందుకని ‘రెండుకాళ్ల చీల’ అని రాసి, పక్కనే ఈ నియమమూ రాస్తాను.

చంద్రగిరి నుంచి: ఇవన్నీ లాగ్‌బుక్‌లో రాస్తారా సార్?

జవాబు: లేదమ్మా, ససేమిరా రాయకూడదు. లాగ్‌బుక్‌లో, జాబ్ కార్డులో మాన్యువల్ పేరు, పార్ట్ నంబరు ఉన్నవి ఉన్నట్టే ఉండాలి. లైసెన్సు ఉన్న ఇంజినీరు దాని మీదే సంతకం పెడతాడు. నా నోట్సు అర్థం చేసుకోవడానికి మాత్రమే.

రడ్డర్‌కు చుక్కాని ఎటూ ఉంది. ఎలివేటర్ అంటే మన పిల్లలకు లిఫ్టే గుర్తొస్తుంది, కాబట్టి ‘ముక్కును లేపి దించే తోక పలక’ అని వివరంగా రాశాను. ఎయిలెరాన్‌కు ఇంకా మాట కుదరలేదు. అది రెక్క వెనక అంచున, కొస దగ్గర ఉండే పలక. కుడిది లేస్తే ఎడమది దిగి విమానం పక్కకు ఒరుగుతుంది. పులికాట్ వైపు పడవలు నడిపేవాళ్లు, వడ్రంగం తెలిసినవాళ్లు ఇట్లాంటి కదిలే పలకకు వాడే మాట ఉంటే ఇక్కడ రాయండి.