గైనకాలజిస్టు ప్రవర్తన హద్దు దాటిందో లేదో ఎలా తెలుసుకోవాలి?

ప్రశ్న (నీలిగన్నేరు)

నెలసరి సక్రమంగా రావడం లేదని ఈ మధ్య ఒక గైనకాలజిస్టును కలిశాను. ఆయనకు చాలా అనుభవం ఉందని, ఎంతోమంది ఆయన్ను నమ్ముతారని విని వెళ్లాను. పరీక్ష చేయాలన్నారు గానీ ఏ పరీక్షో, ఎందుకో చెప్పలేదు. గదిలో ఉన్న నర్సును ఏదో ఫైలు తెమ్మని బయటికి పంపించి, నన్ను బట్టలన్నీ తీసి బల్లమీద పడుకోమన్నారు. కప్పుకోవడానికి దుప్పటి అడిగితే "డాక్టరు దగ్గర సిగ్గేమిటి" అని నవ్వారు. లోపలి పరీక్ష చేస్తున్నప్పుడు నొప్పి భరించలేక ఆపమని అడిగాను. "ఇంత నాజూకైతే రేపు పిల్లల్నెలా కంటావు" అంటూనే కొనసాగించారు. తర్వాత రొమ్ములు కూడా పరీక్షించారు. ఆ భాగానికి సంబంధించిన ఇబ్బంది ఏదీ నేను చెప్పనే లేదు. ఆ సమయంలో నా శరీరం గురించి ఆయన అన్న మాటను ఇక్కడ రాయలేను.

ఇంట్లో చెబితే, ఆడవాళ్ల వైద్యమంటే అలాగే ఉంటుంది, సర్దుకుపోవాలన్నారు. ఇందులో ఏది వైద్యంలో భాగం, ఏది కాదు అన్నది నాకు తెలియాలి. తొందరపడి ఒక మనిషి పేరు చెడగొడతానేమోనన్న భయం ఒకపక్క, ఊరుకుంటే నా తర్వాత ఆ గదిలోకి వెళ్లేవారి సంగతేమిటన్న బాధ మరోపక్క ఉన్నాయి. అవగాహన ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (స్త్రీవైద్య నిపుణురాలు)

నేనూ ఇదే వృత్తిలో ఉన్నాను కాబట్టి మొదట మామూలుగా జరిగేవేమిటో చెబుతాను. నెలసరి తేడాగా వస్తున్నప్పుడు చివరిసారి ఎప్పుడు వచ్చింది, గర్భం వచ్చే అవకాశం ఉందా, ఇంతకుముందు గర్భస్రావమేదైనా అయిందా, కలయికలో నొప్పి గానీ ఆ తర్వాత రక్తం కనబడటం గానీ ఉందా అని మేము అడగక తప్పదు. వినడానికి ఇబ్బందిగా ఉన్నా వాటి జవాబులను బట్టే చికిత్స మారుతుంది. లైంగిక జీవితంలో సుఖం ఎలా ఉంది, ఎంతమందితో ఎలా గడిపారు అంటూ మీ జబ్బుతో పొంతన లేని వివరాలను రాబట్టడం మాత్రం వేరు. ఏ ప్రశ్న గురించైనా "ఇది నా సమస్యకు ఎలా పనికొస్తుంది" అని మీరు అడగవచ్చు. అవసరమై అడిగిన వైద్యుడికి దానికి జవాబు చెప్పడం ఒక్క వాక్యం పని.

లోపలి పరీక్షలో సాధారణంగా రెండు భాగాలుంటాయి. స్పెక్యులమ్ అనే పరికరంతో గర్భాశయ ముఖద్వారాన్ని చూడటం ఒకటి. గ్లౌజు వేసుకున్న రెండు వేళ్లను లోపల ఉంచి, రెండో చేత్తో పొత్తికడుపును నొక్కుతూ గర్భాశయాన్నీ అండాశయాలనూ తడిమి చూడటం రెండోది. ఇదంతా కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఒత్తిడి, కొంత అసౌకర్యం సహజమే. అయితే నొప్పి అని చెప్పగానే ఆగాలి, చిన్న స్పెక్యులమ్ తీసుకోవాలి, లేదా ఇవాళ్టికి వద్దని వదిలేయాలి. ఎప్పుడూ కలయిక జరగనివారికి చాలావరకు పొట్టమీద నుంచి చేసే స్కానింగ్‌తోనే సరిపెడతాం. గ్లౌజులు లేకుండా లోపల పరీక్షించడానికి గానీ, బయటి జననాంగాలను పదేపదే రుద్దడానికి గానీ వైద్యకారణం ఏదీ లేదు. బట్టలన్నీ ఒకేసారి తీయించనక్కరలేదు. ఏ భాగాన్ని చూస్తున్నామో దాన్ని మాత్రం తెరిచి, మిగతాది కప్పి ఉంచడమే పద్ధతి. బట్టలు మార్చుకునేటప్పుడు వైద్యుడు బయటికి వెళ్లాలి, లేదా తెర అడ్డంగా ఉండాలి.

అసలు లోపలి పరీక్ష ప్రతిసారీ అవసరమేమీ కాదు. ఏ లక్షణాలూ లేని, గర్భవతులు కాని స్త్రీలకు దాన్ని మామూలు తనిఖీగా చేయవద్దని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2014లోనే సూచించింది. మీకు లక్షణం ఉంది కాబట్టి చేసి ఉండవచ్చు. ఆ కారణాన్ని మీకు చెప్పి, మీ అంగీకారం తీసుకున్నారా అన్నది అసలు ప్రశ్న. బల్లమీద పడుకున్నారు కనుక అన్నిటికీ ఒప్పుకున్నట్లే అన్న వాదన ఎక్కడా చెల్లదు. ఒప్పుకున్న తర్వాత మధ్యలో వద్దనే హక్కు కూడా మీదే.

రొమ్ముల పరీక్ష విషయంలో మాత్రం ఒక మాట. నెలసరి తప్పినప్పుడు పాల వంటి స్రావం వస్తోందా అని చూడటానికి దాన్ని చేయడం ఉంది. అందువల్ల పరీక్ష చేశారన్న ఒక్క కారణంతోనే తప్పుబట్టలేను. ఏమీ చెప్పకుండా, నర్సును బయటికి పంపి, శరీరాకృతిపై వ్యాఖ్యానిస్తూ చేయడాన్ని ఏ వైద్యకారణంతోనూ సమర్థించలేను. మీరు ఆపమన్నాక ఆపకపోవడం నా దృష్టిలో వీటన్నిటికంటే తీవ్రమైనది.

జవాబు (తటస్థుడు)

వైద్యుల పక్షాన ఒక్క మాట చెప్పనివ్వండి. రోజంతా రోగులను చూసేవారికి ఒక్కొక్కరికీ అన్నీ విడమరిచి చెప్పే వ్యవధి ఉండకపోవచ్చు, కొందరికి మాట కటువుగా ఉంటుంది. ప్రతి మొరటుతనాన్నీ వేధింపు అంటే నిజాయితీగా పనిచేసేవారు కూడా పరీక్ష చేయడానికే భయపడతారు.

జవాబు (తెల్లకలువ)

పై మాటలో సగం ఒప్పుకుంటాను. తొందరలో ఉన్న వైద్యుడు సరిగా వివరించకపోవచ్చు. కానీ తొందరలో ఉన్నవాడు నర్సును బయటికి పంపించడు, శరీరం గురించి మాట్లాడటానికి తీరిక చేసుకోడు.

నీలిగన్నేరు గారూ, ఇది మగ వైద్యుల దగ్గర మాత్రమే జరిగేది కాదు. నా కాన్పు సమయంలో ఉన్నది వైద్యురాలే. నొప్పులకు అరిచినందుకు నా తొడమీద చరిచి, "అప్పుడు లేని బాధ ఇప్పుడెందుకు" అన్నారు. ఎందుకో చెప్పకుండానే ఒకరి తర్వాత ఒకరు వచ్చి లోపల చెయ్యి పెట్టి చూశారు. వారిలో విద్యార్థులెవరో, వైద్యులెవరో నాకు తెలియలేదు. ఇందులో లైంగిక ఉద్దేశం లేదు కాబట్టి ఇది వేధింపు కాదని చాలాకాలం అనుకున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో ఇటువంటివాటిపైనే ఒక ప్రకటన చేసిందని తర్వాత తెలిసింది. కాన్పు సమయంలో కొట్టడం, అవమానించడం, అనుమతి లేకుండా లేదా బలవంతంగా వైద్యం చేయడం, గోప్యతను కాపాడకపోవడం, నొప్పికి మందు ఇవ్వ నిరాకరించడం వంటివన్నీ అందులో ఉన్నాయి. వెనిజువెలా 2007లోనే దీన్ని చట్టంలో ప్రసూతి హింసగా నిర్వచించింది. అడగకుండా కాపర్ టీ వేయడం, ఇక పిల్లలు వద్దని సంతకానికి ఒత్తిడి చేయడం, పెళ్లికాని అమ్మాయికి మందు రాయడానికి బదులు నీతిబోధ చేయడం కూడా హక్కుల ఉల్లంఘనలే. కన్యత్వాన్ని తేల్చేందుకంటూ చేసే పరీక్షకైతే శాస్త్రీయమైన ఆధారమే లేదు. దాన్ని పూర్తిగా మానేయాలని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కార్యాలయం, యూఎన్ వుమెన్ కలిసి కోరాయి.

ప్రశ్న అడిగినవారి మాట (నీలిగన్నేరు)

అందరికీ కృతజ్ఞతలు. ఇకముందు ఎవరినైనా తోడు తీసుకువెళితే సరిపోతుందా? జరిగినదాని గురించి ఆసుపత్రివారికి చెబితే వారు చూసుకుంటారా, లేక ఇంకెక్కడికైనా వెళ్లాలా?

జవాబు (రోగుల తరఫున వాదించే న్యాయవాది)

తోడు అడగడం మీ హక్కు. రొమ్ములు, జననాంగాలు, మలద్వారం పరీక్షించేటప్పుడు శిక్షణ పొందిన మూడో వ్యక్తి గదిలో ఉండాలని అమెరికన్ ప్రసూతి, స్త్రీవైద్య నిపుణుల సంఘం 2020లో సిఫారసు చేసింది. ఆ వ్యక్తి తెర అవతల కాకుండా పరీక్ష కనబడేచోట నిలబడాలి. మీకు నమ్మకమున్న మనిషిని కూడా పక్కన ఉంచుకోవచ్చు. అయితే తోడు ఉంటే చాలని గానీ, ఆసుపత్రికి చెబితే వారే చూసుకుంటారని గానీ నేను చెప్పలేను. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన రాబర్ట్ హాడెన్ అనే గైనకాలజిస్టు ఏళ్ల తరబడి రోగులపై లైంగిక దాడులు చేశాడు. 2012లో ఒక రోగి ఫిర్యాదుపై పోలీసులు అరెస్టు చేసినా, కొద్ది రోజుల్లోనే విశ్వవిద్యాలయం అతన్ని తిరిగి రోగులను చూడనిచ్చింది. చివరికి 2023లో గానీ అతనికి 20 ఏళ్ల జైలుశిక్ష పడలేదు. సంస్థకు తెలియడమూ, సంస్థ ఆపడమూ ఒకటి కాదని చెప్పడానికే దీన్ని ప్రస్తావిస్తున్నాను.

కనుక ఆసుపత్రికి ఇచ్చే ఫిర్యాదు ఒక్కదానితో ఆగకండి. ఆసుపత్రి అతన్ని విధుల నుంచి తప్పించగలదు, అంతవరకే. వైద్యం చేసే అర్హతను నిలిపివేయడం లేదా రద్దు చేయడం వైద్యుల నమోదును చూసే మండలి చేతిలో ఉంటుంది. శిక్ష పడాలంటే పోలీసులకు చెప్పాలి. ఒకచోట విచారణ సాగుతోందన్న కారణంతో మరోచోటికి వెళ్లకూడదని ఎవరైనా అంటే నమ్మవద్దు. పరిహారమో క్షమాపణో ఇస్తామంటూ ఏదైనా కాగితంపై సంతకం అడిగితే, న్యాయవాదికి చూపించకుండా చేయవద్దు. సామాజిక మాధ్యమాల్లో పేరు పెట్టి రాయడం మాత్రం ప్రస్తుతానికి ఆపండి. పరువునష్టం దావా మాట అలా ఉంచితే, అక్కడ ఆవేశంలో రాసిన ప్రతి వాక్యాన్నీ రేపు మీ వాంగ్మూలంతో పోల్చి చూస్తారు.

పేరు చెడగొడతానేమోనన్న మీ భయం గురించి కూడా చెప్పాలి. నేరం రుజువు చేయవలసిన బాధ్యత మీది కాదు. జరిగింది జరిగినట్లు చెప్పడమే మీ పని, తేల్చడం విచారించేవారి పని. అందుకని ఇవాళే కూర్చుని, తేదీ, సమయం, గదిలో ఎవరున్నారు, నర్సు ఎప్పుడు వెళ్లి ఎప్పుడు వచ్చింది, ఆయన అన్న మాటలు, మీరు ఆపమన్నప్పుడు వాడిన మాటలు వరుసగా రాసి పెట్టండి. ఇక్కడ రాయలేనన్న మాటను కూడా అందులో యథాతథంగా రాయండి. మీరు ఇంట్లో చెప్పారంటున్నారు కదా, మొదట విన్నవారు కూడా సాక్షులే.

ఇది చదువుతున్న ఇంకెవరికైనా దాడి ఇప్పుడే జరిగి ఉంటే, వీలైతే స్నానం చేయకుండా, ఆ బట్టలు ఉతక్కుండా వెంటనే వేరే ఆసుపత్రికి వెళ్లాలి. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులను 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. అత్యవసర గర్భనిరోధక మాత్రలు 120 గంటల వరకు పనిచేస్తాయి గానీ ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది.

జవాబు (స్త్రీవైద్య నిపుణురాలు)

న్యాయవాది గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ఫిర్యాదు ఇవ్వడానికి ముందే మీ కేస్‌షీటు నకలు అడిగి తీసుకోండి. వేరే వైద్యుడికి చూపించుకోవాలని చెబితే చాలు, అది అబద్ధం కూడా కాదు, మీ నెలసరి సమస్యకు వైద్యం ఇంకా మిగిలే ఉంది. నకలు చేతికి వచ్చాక రొమ్ముల పరీక్ష గురించి అందులో ఏం రాశారో చూడండి. అవసరమై చేసిన పరీక్ష అయితే కారణమూ, కనబడినదీ రాసి ఉండాలి. ఆ ప్రస్తావనే లేకపోతే, ఆ పేజీని మీ ఫిర్యాదుకు మొదటి కాగితంగా జతచేయండి.