సౌష్ఠవం అంటే అందమా, సమానమా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ, తెలుగు మీడియం. నిన్న రాత్రి హాల్లో కూర్చుని పైకి చదువుకుంటోంది, ‘స్పంజికల్లో (అంటే నీళ్ల అడుగున అతుక్కుని బతికే స్పాంజి జంతువుల్లో) చాలావాటికి సౌష్ఠవం ఉండదు’ అని. పక్కనే వత్తులు చేసుకుంటున్న మా అత్తగారు ‘అయ్యో పాపం, అంత వికారంగా ఉంటాయా?’ అన్నారు. అందరం నవ్వాం. తర్వాత ఆలోచిస్తే ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది అనిపించింది. అంగసౌష్ఠవం అంటే ఒడ్డూ పొడుగూ కుదిరిన చక్కటి ఒళ్లు అనే కదా మనకి తెలిసింది. సిమ్మెట్రీకి ఈ మాట ఎలా పెట్టారు? పైగా నోట్సులో ఒకచోట సౌష్ఠవం, ఇంకోచోట సౌష్టవం అని ఉంది. ఏది రైటు?

వ్యాఖ్య:
ఠ వత్తే అండీ. నిష్ఠ, కాష్ఠం లాగ. మూలం ‘సుష్ఠు’, అంటే బాగా అని. లఘువు నుంచి లాఘవం, మృదువు నుంచి మార్దవం, పటువు నుంచి పాటవం వచ్చినట్టే సుష్ఠు నుంచి సౌష్ఠవం. ‘సుష్టుగా భోంచేశాడు’ అంటామే, అది కూడా ఇదే. వాడుకలో ఒత్తు జారిపోయింది, అంతే. పప్పన్నానికీ సీతాకోకచిలుక రెక్కలకీ ఒకటే వేరు!

వ్యాఖ్య:
అయితే మనవాళ్లు మాట తప్పు ఎంచుకున్నట్టే. హిందీలో సమమితి అన్నారు, సమానమైన కొలత అని తేటగా తెలుస్తుంది. మనం మాత్రం అందం దగ్గరే ఆగిపోయాం. అత్తగారిదే రైటు.

వ్యాఖ్య:
జువాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

మాట తప్పేమీ కాదు. గ్రీకులో ‘సిమ్మెట్రియా’ కూడా మొదట మన సౌష్ఠవం లాంటిదే. క్రీస్తుకు పూర్వం 1వ శతాబ్దపు రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ ఆ మాట వాడింది కొలతలు ఒకదానికొకటి తగిన పాళ్లలో కుదరడం గురించి. గుడికైనా మనిషి ఒంటికైనా అదే మాట. ఈ సగం ఆ సగానికి అద్దంలో బొమ్మలా ఉండాలన్న అర్థం చాలా తర్వాత గట్టిపడింది. అంటే వాళ్ల మాటా అందం నుంచే నడిచొచ్చింది.

నా అభ్యంతరం ‘ద్విపార్శ్వ సౌష్ఠవం’లో (కుడి, ఎడమ పక్కలు ఒకదానికొకటి అద్దంలో బొమ్మలా ఉండటం) ‘ద్విపార్శ్వ’ అనే ముక్క మీద. పిల్లలు ‘నిలువుగా కోస్తే రెండు సమాన భాగాలు వచ్చుట’ అని బట్టీ పట్టి రెండు మార్కులు తెచ్చుకుంటారు. అసలు సంగతి ఆ రెండు భాగాల్లో లేదు, ముందువైపులో ఉంది.

ఇంట్లో బెండకాయ తీసుకుని అడ్డంగా కోసి చూడండి. అయిదు గదులు, గదికో వరసలో గింజలు. ఆ చక్రాన్ని పళ్లెంలో తిప్పండి. దానికి ముందు ఎటు? ఎటూ లేదు. ఇదీ వలయ సౌష్ఠవం. మామూలు తెలుగులో ‘ఎటు తిరిగినా ఒకటే’. రాయికి అంటుకుని బతికే సముద్రపు పువ్వు (సీ అనెమొనీ) అనే జంతువుకీ నీళ్లలో తేలే జెల్లీచేపకీ తిండైనా ఆపదైనా ఏ పక్క నుంచైనా రావచ్చు. చుట్టూ కాపలా కాసే ఒళ్లు దానికి సరిపోతుంది.

ఇప్పుడు ఒక పురుగు నేల మీద పాకడం మొదలెట్టిందనుకోండి. ముందుకు పోయే కొనకే తిండీ వాసనా దెబ్బా మొదట తగులుతాయి. అందుకని నోరు అక్కడికి చేరుతుంది, కళ్లు అక్కడ చేరతాయి, వాటి కబుర్లు వినే నరాల ముద్ద కూడా అక్కడే గుమిగూడుతుంది. దాన్నే తల అన్నాం. కింది పక్క నేలకి రాసుకుంటుంది, పై పక్క వెలుతురు చూస్తుంది, కాబట్టి అవి రెండూ వేరవుతాయి. ముందు ఏదో, పైన ఏదో తేలాక మిగిలినవే కుడి, ఎడమ. ఈ రెంటికీ మాత్రం వేరుగా ఉండాల్సిన పని తక్కువ. ఒక పక్క కాళ్లు పొట్టివైతే ఉన్నచోటే గుండ్రాలు తిరగాలి.

నాగలి కట్టేవాళ్లకి ఇది కొత్త కాదు. ఎడమపక్క కట్టేది దాపటెద్దు, కుడిపక్కది వలపటెద్దు (ఎలపటెద్దు అని కూడా అంటారు). పద్యాల్లో డాకేలు, వలకేలు ఉన్నాయి చూడండి, అదే జత. కొట్టంలో నెమరేస్తున్నప్పుడు ఆ రెండూ ఉత్త ఎద్దులే. మెడ మీద కాడి పడి, మొహాలు ఒకవైపు తిరిగాకే దాపట, వలపట. నడక ముందు, కుడిఎడమలు తర్వాత.

ఈ నడకకి ఇప్పటిదాకా దొరికిన పాత సాక్ష్యాల్లో ఒకటి దక్షిణ ఆస్ట్రేలియాలో ఉంది. పురుగులాంటి ప్రాణి శిలాజం, పేరు ఇకారియా, 2020లో ప్రకటించారు. వయసు దాదాపు 55 కోట్ల 50 లక్షల ఏళ్లు, సైజు బియ్యపు గింజంత. దాని జాడలు, అంటే ఇసుకలో పాకినప్పుడు పడ్డ సన్నటి గాడులు, ముందే దొరికాయి. ఒళ్లు తర్వాత దొరికింది. ఒక కొన రెండో కొనకంటే లావు. నాకైతే ఆ లావు కొనే ముద్దొస్తుంది. ఇవాళ తెలిసిన జంతుజాతుల్లో నూటికి 99 దాకా ఈ కాడి కట్టుకున్నవే, అంటే కుడిఎడమలున్నవే.

ప్రశ్న అడిగినవారు:
మాస్టారూ, చాలా బాగా చెప్పారు. మా అమ్మాయి డౌటు: మరి సముద్ర నక్షత్రం? దానికి అయిదు చేతులున్నాయి కదా, జెల్లీచేపకి చుట్టమా?

వ్యాఖ్య:
భలే పట్టుకుంది. పరీక్షలో పిల్లలు జారేది ఇక్కడే. నక్షత్రం పిల్లగా ఉన్నప్పుడు, నీళ్లలో ఈదే డింభకం దశలో, చక్కగా కుడిఎడమలున్న ప్రాణి. పెరిగాక ఒళ్లు మార్చుకుని అయిదు పక్కలదవుతుంది. అంటే ముందువైపు ఉన్నవాళ్ల ఇంట్లో పుట్టి తర్వాత దాన్ని వదిలేసింది. జెల్లీచేప కంటే మనకే దగ్గర చుట్టం.

వ్యాఖ్య:
కుడిఎడమలు సరే మాస్టారూ, పైనా కిందా గురించి చెప్పలేదు. వంటింటి ఉదాహరణ ఉంటే ఇంకా మంచిది 🙂

వ్యాఖ్య:
ఉందమ్మా. రొయ్యలు బాగు చేసేటప్పుడు వీపు చీల్చి నల్లదారం లాగేస్తారు కదా. ‘నరం తియ్యి’ అంటారు. అది నరం కాదు, పేగు. అసలు నరం పొట్టవైపు, కాళ్ల మొదళ్ల దగ్గర ఉంటుంది, మనం దాన్ని తెలియకుండానే తినేస్తాం. మన ఒంట్లో తిరగేసి ఉంది చూడండి. నరాల తాడు వీపులో, పేగులు పొట్టలో. రొయ్యని వెల్లకిలా పడుకోబెడితే మన అమరిక వచ్చేస్తుంది. ఫ్రాన్సులో జొఫ్రువా సెంతిలేర్ అనే జంతుశాస్త్రవేత్త 1822లో లాబ్‌స్టర్‌ని (పెద్ద సముద్రపు రొయ్య లాంటిది) ఇలాగే తిరగేసి పెట్టి చూపించి ఈ మాట అన్నాడు. చాలాకాలం దాన్ని ఎక్కువమంది ఒప్పుకోలేదు. 1990లలో ఈగలో పొట్టవైపు పనిచేసే జన్యువూ కప్పలో వీపువైపు పనిచేసే జన్యువూ ఒకే వంశానివని తేలాక ఆయన మాటకి మళ్లీ విలువ వచ్చింది. కాబట్టి ‘బోర్లా’, ‘వెల్లకిలా’ అనే రెండు మాటల్లో ఒక పెద్ద పాఠమే ఉంది.

వ్యాఖ్య:
వలపట అన్నారు కాబట్టి అడుగుతున్నా. వలంపురి శంఖంలో వలం అదేనా? మా బంధువు ఒకాయన దక్షిణావర్త శంఖం అని చాలా డబ్బు పోసి కొన్నారు. అది ఎడమచుట్టు అని కాలేజీలో చదివే వాళ్లబ్బాయి అన్నాడట. ఇంట్లో పెద్ద గొడవ.

వ్యాఖ్య:
అదే వలం. తమిళంలోనూ కుడి అనే అర్థం, పురి అంటే మెలిక. గొడవలో ఇద్దరిదీ రైటే. జంతుశాస్త్రంలో శంఖం చుట్లు మొదలయ్యే మొనని పైకి పెట్టి, నోరు మనవైపు తిప్పి చూస్తారు. నోరు కుడిపక్క కనిపిస్తే కుడిచుట్టు. మామూలు శంఖాలన్నీ అలాంటివే. పూజ చేసేవాళ్లు నీళ్లు పోసే కొనని పైకి పెట్టి చూస్తారు. అప్పుడు పక్కలు తారుమారు. అందుకే అరుదైనదానికి మనవాళ్లు దక్షిణావర్తం అన్నారు, శాస్త్రం ఎడమచుట్టు అంటుంది. ఏది పైన, ఏది ముందు అన్నది తేలకపోతే కుడి అన్న మాటకి అర్థమే లేదు. ఒకటి మాత్రం చూసుకోమనండి, అమెరికా తీరంలో పుట్టుకతోనే ఎడమచుట్టు తిరిగే వేరే జాతి గవ్వ ఒకటుంది. దాన్ని కూడా ఈ పేరుతో అంటగడుతుంటారు.

మన లోపల కూడా రెండు పక్కలూ సమానం కావు. గుండె ఎడమకి ఒరిగి ఉంటుంది, కాలేయం కుడిపక్క. అంతా అద్దంలో బొమ్మలా అటుదిటు అయినవాళ్లు పదివేలకి ఒకరు ఉంటారు, వాళ్లలో చాలామంది సుఖంగానే బతుకుతారు. ఎలుక పిండంలో కంటికి కనపడని నూగు గిరగిరా తిరుగుతూ ద్రవాన్ని ఎడమవైపుకి తోస్తుందనీ, పక్కలు అక్కడే తేలతాయనీ 1998లో చూశారు. దాపటెద్దునీ వలపటెద్దునీ మార్చి కడితే మొరాయిస్తాయని రైతు ఊరికే అనడు. జోడే కానీ రెండూ ఒకటి కాదు.

ప్రశ్న అడిగినవారు:
ఇదంతా అత్తయ్యగారికి చదివి వినిపించాను. ‘స్పంజిక వికారంగా ఉంటుందని కాదు అత్తయ్యా, దానికి ముందూ వెనకా లేవట, అంతే’ అన్నాను. ఆవిడ వత్తులు పక్కన పెట్టి, ‘వెనకా ముందూ ఎవరూ లేరా? మరీ పాపమే!’ అన్నారు.