పల్సర్‌కు పదిహేను వందల్లో నమ్మదగిన బ్యాటరీ దొరుకుతుందా? (వరంగల్–హన్మకొండ)

నయీంనగర్ పల్సర్:
అందరికీ నమస్కారం. నాది 2014 నాటి పల్సర్ 150. సెల్ఫ్ నొక్కితే టక్కుమని ఒక్క చప్పుడు, అంతటితో సరి. హారన్ గొంతు పోయింది. బండి నిలబెట్టి ఇండికేటర్ వేస్తే వెలిగి అలాగే ఉండిపోతోంది, కొట్టుకోవడం లేదు. మెకానిక్ పక్క డోమ్ (బండి పక్కనుండే మూత) కూడా విప్పకుండా "బ్యాటరీ పోయింది, రెండు వేల రెండు వందలు తెచ్చుకో" అన్నాడు. నా బండికి అంత పెట్టబుద్ధి కావడం లేదు. 12 వోల్టులు, 9 ఏహెచ్ (ఎంత చార్జ్ నిలుపుతుందో చెప్పే అంకె) బ్యాటరీ పదిహేను వందల లోపు ఏ కంపెనీది మంచిది? నీళ్లు పోసేదా, మెయింటెనెన్స్ ఫ్రీదా? స్టేషన్ రోడ్డులో చవకా, హన్మకొండ చౌరస్తా దగ్గరా? పాత బ్యాటరీకి ఎంత తగ్గిస్తారు?

స్ప్లెండర్ ఒక్కటే:
సెల్ఫ్ ఎందుకండీ అసలు? మా ఇంట్లో పాత స్ప్లెండర్ ఉంది. దానికి బ్యాటరీ ఎక్కడుంటుందో కూడా మాకు తెలియదు. కిక్ కొడితే లేస్తుంది, ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాతో వెళ్లి వస్తుంది.

పరకాల మాస్టారు:
కొనడం కాసేపు ఆపండి. మూడు వందలకు మల్టీమీటర్ వస్తుంది, అది ముందు తెచ్చుకోండి. రాత్రంతా బండి ఆపి ఉంచి పొద్దున్నే టెర్మినళ్ల మీద పెట్టి చూడండి. 12.6 పైన ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12 దగ్గర ఉంటే ఖాళీ అయినట్టు. రాత్రంతా చార్జింగ్ పెట్టినా 10.5 దాటకపోతే లోపల ఒక సెల్ పోయినట్టే, అప్పుడు మాత్రమే దుకాణానికి వెళ్లండి. తర్వాత బండి స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ పెంచి మళ్లీ చూడండి. 13.5 నుంచి 14.5 మధ్య రావాలి.
ఇంత ఎందుకు చెబుతున్నానంటే, మా ఊరి మెకానిక్ ఒకాయన నాకు ఒకదాని వెంట ఒకటి బ్యాటరీలు అమ్ముతూ పోయాడు. ప్రతిదీ ఉబ్బిపోయేది. చివరికి మా అల్లుడు మీటరు పెట్టి బండి రేజ్ చేస్తే అంకె 14 దాటి, 15 దాటి, 16 దాకా ఎక్కింది. పోయింది ఆర్‌ఆర్ యూనిట్, అంటే బ్యాటరీకి వెళ్లే చార్జింగ్‌ను అదుపులో ఉంచే రెగ్యులేటర్. అది మార్చాక అదే బ్యాటరీ ఇప్పటికీ పని చేస్తోంది. ఆ మెకానిక్ ఇప్పుడు నన్ను చూస్తే తల తిప్పుకుంటాడు.

ఓపెన్‌కాస్ట్ రెండో షిఫ్టు:
మాస్టారు చెప్పింది నిజం. కానీ మా గోదావరిఖని వైపు ఆర్‌ఆర్ యూనిట్ బాగున్నా బ్యాటరీ నిలవదు. మేలో 45 డిగ్రీల ఎండలో బండి షిఫ్టు మొత్తం నిలబడి ఉంటుంది. నేను మాత్రం నీళ్లు పోసే బ్యాటరీనే వాడతాను, ఎండాకాలంలో నెలకోసారి మూత తీసి చూస్తాను. ఇంట్లో ఏసీ నుంచి కారే నీళ్లు సీసాలో పట్టి పెట్టుకుంటాను, అవే పోస్తాను. ఖర్చు సున్నా.

ఆర్మేచర్:
ఏసీ నీళ్లా! ఆజంజాహీ మిల్లు సైరన్ మోగిన రోజుల నుంచి బ్యాటరీ పనిలో ఉన్నాను. లారీ బ్యాటరీలు విప్పి ప్లేట్లు మార్చి, సీసం కరిగించి కనెక్టర్లు పోసిన చేతులివి. ఏసీ నీళ్లు పోసిన బ్యాటరీని వాసన చూసి చెప్పగలను.

ఓపెన్‌కాస్ట్ రెండో షిఫ్టు:
వాసన చూసి కాదు, కారణం చూపి చెప్పండి పెద్దాయనా. ఏసీ నీళ్లు అంటే గాలిలోని ఆవిరి చల్లబడి కారినవే. డిస్టిల్డ్ వాటర్ కూడా ఆవిరి చల్లబడినదే. టీడీఎస్ మీటర్ (నీళ్లలో ఎంత కరిగి ఉందో చూపేది) పెట్టాను, అంకె పది దాటలేదు. మా ఇంటి ఆర్‌ఓ నీళ్లే అంతకంటే ఎక్కువ చూపిస్తాయి.

ఆర్మేచర్:
ఆవిరి శుభ్రమే బాబూ, అది కారే దారి శుభ్రం కాదు. రాగి గొట్టం, అల్యూమినియం రేకులు, వాటి మీద ఏడాదిగా పట్టిన దుమ్ము, కింద ట్రేలో పాచి. అవన్నీ కడుక్కుని నీ సీసాలోకి వస్తున్నాయి. రాగి, ఇనుము పిసరంత కలిసినా బ్యాటరీ తనంతట తానే దిగిపోతుంది, బండి వాడకపోయినా సరే. నీ టీడీఎస్ మీటరు ఎంత కలిసిందో చెబుతుంది గానీ ఏమి కలిసిందో చెప్పదు.

ఓపెన్‌కాస్ట్ రెండో షిఫ్టు:
నా బ్యాటరీ నాలుగో ఎండాకాలం చూస్తోంది. పాచి, రాగి, ఇనుము అన్నీ తాగి కూడా. దీనికి ఏమంటారు?

ఆర్మేచర్:
బీడీ తాగి తొంభై ఏళ్లు బతికిన తాత ప్రతి ఊళ్లో ఒకడుంటాడు అంటాను.

కాజీపేట జంక్షన్:
ఇద్దరికీ ఒక మాట. పెట్రోల్ బంకు పక్కన డిస్టిల్డ్ వాటర్ లీటరు సీసా ముప్పై రూపాయలు లేదు. దాని కోసం ఇంత యుద్ధమా? పల్సర్ బ్యాటరీ ఆరు గదులకూ కలిపి ఏడాదిలో ఒక్క సీసా పట్టదు.

స్ప్లెండర్ ఒక్కటే:
నీళ్లు బదులు కొంచెం యాసిడ్ పోస్తే బ్యాటరీ లేస్తుందని మా వీధిలో అంటారు. నిజమేనా?

ఆర్మేచర్:
ఆ వీధి పేరు చెప్పండి, అటు రాను. తగ్గేది నీళ్లే, యాసిడ్ లోపలే ఉంటుంది. మళ్లీ యాసిడ్ పోస్తే ఘాటు పెరిగి ప్లేట్లు తినేస్తుంది. రెండు రోజులు సెల్ఫ్ బ్రహ్మాండంగా కొడుతుంది, ఆ తర్వాత బ్యాటరీ చస్తుంది. పాత బ్యాటరీ "రీకండిషన్" చేశామని ఐదు వందలకు అమ్మేవాళ్లు చేసేది కూడా చాలాసార్లు ఇదే.

జమ్మికుంట జావా:
అసలు ప్రశ్న ధర గురించి కదా. నేను ఆన్‌లైన్‌లో కొన్నాను, దుకాణం ధర కంటే నాలుగు వందలు తక్కువ. ఏడాది తిరగకముందే చచ్చింది. ఇక్కడి డీలరు దగ్గరకు తీసుకెళితే వారంటీ కార్డు మీద ముద్ర లేదు, కొన్న తేదీ లేదు, సీరియల్ నెంబరు నమోదు కాలేదు అన్నాడు. అమ్మినవాడికి ఫోను చేస్తే కొరియర్‌లో వెనక్కి పంపమన్నాడు. యాసిడ్ ఉన్న బ్యాటరీని కొరియర్‌వాళ్లు ముట్టుకోలేదు. మిగిల్చుకున్న నాలుగు వందలు అలా పోయాయి. ఊళ్లో, మనిషి ముఖం చూసి కొనండి. కార్డు మీద ముద్ర వేయించుకుని బిల్లు కూడా ఫొటో తీసి పెట్టుకోండి.

కాజీపేట జంక్షన్:
వారంటీ 48 నెలలు అని పెద్దక్షరాల్లో రాస్తారు. లోపల చూస్తే మొదటి 24 నెలలే ఉచితంగా మార్చేది, మిగతా 24 నెలలు ప్రో-రేటా. అంటే కొత్తదాని ధరలో కొంత తగ్గిస్తారంతే. రెండు దుకాణాల ధరలు పోల్చేటప్పుడు ఈ మొదటి అంకె చూడండి. ఇంకోటి, 2025 సెప్టెంబరు 22 నుంచి బ్యాటరీల మీద జీఎస్‌టీ 28 శాతం నుంచి 18కి దిగింది. పాత ఎంఆర్‌పీ స్టిక్కరు చూపించి "డిస్కౌంటు ఇస్తున్నా" అనే వాళ్ల దగ్గర బిల్లు అడగండి, డిస్కౌంటు ఎవరిచ్చారో తెలుస్తుంది.

భూపాలపల్లి బుల్లెట్:
ఇదంతా పాత బండ్ల గోల. నాది కొత్త క్లాసిక్ 350, కిక్కే లేదు. మేడారం జాతర నుంచి తిరిగి వస్తుంటే తాడ్వాయి అడవిలో చీకట్లో ఆగిపోయింది. నలుగురు తోశారు, రెండో గేరులో వదిలినా లేవలేదు. ఇంజక్షన్ బండికి బ్యాటరీ పూర్తిగా పడిపోతే పెట్రోలు పంపు కూడా తిరగదట. పక్క బండి నుంచి వైర్లు కలిపితే గానీ కదల్లేదు.

పరకాల మాస్టారు:
దానికి అదనపు ఎల్‌ఈడీ దీపాలు ఉన్నాయా?

భూపాలపల్లి బుల్లెట్:
ఉన్నాయి. అయితే? అవి చాలా తక్కువ కరెంటు తింటాయి.

పరకాల మాస్టారు:
రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) లేకుండా నేరుగా బ్యాటరీకి కలిపారా?

భూపాలపల్లి బుల్లెట్:
నా బండి గురించి ఎవరూ అడగలేదు కదా మాస్టారూ. చర్చ పల్సర్ గురించి.

జమ్మికుంట జావా:
మేడారం కథ మొదలుపెట్టింది మీరే!

నిర్వాహకుడు:
బ్యాటరీ గురించే మాట్లాడుకుందాం. ఏసీ నీళ్ల మీద ఇక ఎవరైనా రాస్తే తొలగిస్తాను.

నయీంనగర్ పల్సర్:
మీటరు తెచ్చాను. రాత్రంతా చార్జింగ్ పెట్టించినా 10.3 దగ్గరే ఆగింది. రేజ్ చేస్తే చార్జింగ్ 14.1 వస్తోంది. అంటే బ్యాటరీయే కదా? ఇప్పుడైనా కంపెనీ పేరు చెప్పండి.

కాజీపేట జంక్షన్:
సెల్ పోయింది, సందేహం లేదు. ఎక్సైడ్, అమరాన్, ఎస్‌ఎఫ్ సోనిక్, టాటా గ్రీన్, వీటిలో ఏదైనా ఫర్వాలేదు. ఎస్‌ఎఫ్ సోనిక్ కూడా ఎక్సైడ్ వాళ్లదే, అయినా కొంచెం తక్కువలో దొరుకుతుంది. అమరాన్ మన తెలుగు నేల మీద తయారయ్యే సరుకు. పేరు కంటే తయారీ తేదీ ముఖ్యం. దుకాణం అరలో ఆరు నెలలు పైగా కూర్చున్న బ్యాటరీ వద్దు. మీ మీటరు జేబులో పెట్టుకు వెళ్లండి, సీలు వేసిన (మెయింటెనెన్స్ ఫ్రీ) బ్యాటరీ దుకాణంలోనే 12.5 చూపించకపోతే వెనక్కి ఇచ్చేయండి. 5 ఏహెచ్ చవకని అంటగట్టబోతారు, సెల్ఫ్ ఉన్న మీ బండికి అది చాలదు.

ఆర్మేచర్:
నీళ్లు పోసేది కొంటే ఒక్కటి అడ్డంగా పట్టుబట్టండి. యాసిడ్ పోసిన వెంటనే బండికి బిగించనివ్వకండి. అరగంట నాననిచ్చి, తర్వాత తక్కువ కరెంటుతో మొదటి చార్జింగ్ పెట్టాలి. 9 ఏహెచ్‌కు 0.9 ఆంపియర్లు, అంటే పదో వంతు. కారు చార్జర్‌కు తగిలించి గంటలో ఇచ్చేస్తానంటే ఆ దుకాణం దిగి వచ్చేయండి. మన ఊళ్లో బ్యాటరీలు తొందరగా పోవడానికి సగం కారణం ఈ తొందరే. బ్యాటరీ గాలి గొట్టం కొసకు వేసిన ఎర్ర మూత తీశారో లేదో చూడండి. ఆ గొట్టం చైను మీదకు కాకుండా కిందికి దిగేలా పెట్టించండి. లేదంటే యాసిడ్ చుక్కలు పడి చైను తుప్పు పడుతుంది. విప్పేటప్పుడు నెగెటివ్ ముందు, బిగించేటప్పుడు నెగెటివ్ చివర.

ఓపెన్‌కాస్ట్ రెండో షిఫ్టు:
ఇది మాత్రం ఒప్పుకుంటాను. టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పట్టే పొడిని వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, ఆరాక వేజలీన్ రాయండి. వేడినీళ్లు ఎక్కడివని ఎవరూ అడగొద్దు.

నయీంనగర్ పల్సర్:
స్టేషన్ రోడ్డు వైపు తీసుకున్నాను. మెయింటెనెన్స్ ఫ్రీ, పెద్ద కంపెనీదే, తయారై రెండు నెలలు. దుకాణంలోనే 12.7 చూపించింది. పదిహేను వందల్లో రాలేదు, పదిహేడు వందల యాభై అయింది. బిల్లు, ముద్ర అన్నీ ఉన్నాయి. హారన్ మోగితే మా వీధి కుక్క లేచి పారిపోయింది. పాత బ్యాటరీకి నూట యాభై తగ్గించారు.

జమ్మికుంట జావా:
నూట యాభైయా? యాసిడ్‌తో కలిపి మూడు కిలోల దాకా ఉంటుంది, అందులో ఎక్కువ భాగం సీసమే. తూకం వేయించలేదా?

ఆర్మేచర్:
ఇచ్చింది మంచిదే. పాత ఇనుము బండివాడికి అమ్మితే యాసిడ్ మురికి కాలువలో పారబోసి సీసం ఆరుబయట కరిగిస్తాడు. పాత బ్యాటరీ వెనక్కి తీసుకుని సరిగ్గా శుద్ధి చేయించే బాధ్యత 2022 నిబంధనల ప్రకారం కంపెనీలదే. డీలరుకు ఇవ్వడమే సరి.

జమ్మికుంట జావా:
బాధ్యత కంపెనీదైతే లాభం మాత్రం డీలరుకు ఎందుకు? సీసం కిలో ధర ఎంత ఉందో చూసి మాట్లాడండి.

స్ప్లెండర్ ఒక్కటే:
మా స్ప్లెండర్‌లో బ్యాటరీ దొరికింది. సీటు కింద ఉంది. దీనికి ఎంత ఇస్తారు?