ఇన్‌సెప్షన్: తలకు పని పెట్టిన వేసవి సినిమా

పాతరీలు
2010 జూలైలో వచ్చిన ఇన్‌సెప్షన్‌ను మా అబ్బాయితో కలిసి మళ్లీ చూశాను. క్రిస్టఫర్ నోలన్ తీసిన ఈ సినిమాలో కాబ్ అనే దొంగ ముఠా విమానంలో నిద్రపోతూ, ఒకడి మనసులో ఒక ఆలోచన నాటడానికి కలలోకి, అందులోని కలలోకి, దానిలోని మరో కలలోకి దిగుతుంది. వేసవి సెలవులకు అమెరికా స్టూడియోలు వదిలే భారీ సినిమాలంటే పేలుళ్లు, ఛేజింగులు, రెండో భాగానికి ఒక ముడి. ఇందులోనూ పేలుళ్లకు లోటు లేదు. కానీ కాస్త పక్కకు చూస్తే కథ చేజారిపోతుంది. అయినా సుమారు 16 కోట్ల డాలర్లతో తీస్తే 80 కోట్లకు పైగా వచ్చింది. ఇంత చిక్కు కథ అంతమందికి ఎలా ఎక్కింది? మీకు ఎక్కడ పట్టు దొరికింది?

నిద్రగన్నేరు
నాకు వానలో దొరికింది. మొదటి కలలో ఊరంతా కుండపోత. కారణం, ఆ కల కంటున్న యూసఫ్ విమానంలో షాంపేన్ పట్టించి, లఘుశంక తీర్చుకోకుండా నిద్రపోయాడు! ఆ వేషం వేసింది భారతీయ మూలాలున్న దిలీప్ రావు. ఈ ఒక్క హాస్యంతో నోలన్ సూత్రమంతా చెప్పేశాడు: పడుకున్న ఒంటికి ఏమైతే కలలోని లోకానికీ అదే. ఇక మొదటి కలలో వాళ్లు నిద్రపోతున్న వ్యాను దొర్లితే కింది కలలో హోటల్ నడవా గిరగిరా తిరుగుతుంది. వ్యాను వంతెన మీద నుంచి పడుతుంటే హోటల్లో మనుషులు గాలిలో తేలతారు. ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. తేలుతున్న నిద్రమనుషులను ముఠాలోని ఆర్థర్ మూటకట్టి లిఫ్టులోకి నెట్టుకుపోతాడు చూడండి, ఆ ఆలోచన మనకే తట్టినట్టుంటుంది. కలలోంచి లేవాలంటే కిందపడే కుదుపు తగలాలి. బరువు లేనిచోట ఎవరినైనా పడేయడం ఎలా? లిఫ్టునే పేల్చి తోయాలి.

లెక్కలమాస్టారు
ఆ సూత్రం మూడో కలలో ఎందుకు పనిచేయదండీ? హోటల్లో నిద్రపోతున్నవాళ్లూ తేలుతున్నారు కదా! మంచుకొండ మీద మాత్రం అందరూ నిక్షేపంగా నేల మీదే పరుగులు. ఒక్క హిమపాతంతో సరిపెట్టారు.

నిద్రగన్నేరు
అది కథలో కంతే, కాదనను మాస్టారూ. లోతుకు పోయేకొద్దీ పై కుదుపు పలచబడుతుందని అభిమానులు సర్దిచెబుతారు. నాకైతే అది అతుకులా కనిపిస్తుంది.

మూడోవరుస
నాకు నచ్చలేదు. మొదటి గంట సినిమా కాదు, పాఠం. కలల లోకాలను గీసే ఆరియాడ్నే ప్రశ్నలడగడానికే పుట్టినట్టుంది. పైగా కలలు ఇంత పద్ధతిగా ఉంటాయా? నా కలల్లో ఎప్పుడో పోయిన తాతయ్య మా ఆఫీసులో కాఫీ అందిస్తుంటాడు.

పాతరీలు
పాఠమే, కానీ పాఠంలోనూ నాటకం ఉంది. ఒక్క నిమిషంలో పరిష్కరించలేని చిక్కుదారిని రెండు నిమిషాల్లో గీయమంటాడు కాబ్. ఆమె గళ్ల కాగితం మీద చతురస్రాలు గీసి రెండుసార్లు భంగపడుతుంది. మూడోసారి కాగితం తిప్పి వలయాలుగా గీస్తుంది. ఆమె తెలివి ఏపాటిదో అక్కడే తెలిసిపోతుంది. ఇక కాబ్‌కు కావలసింది పిల్లల దగ్గరికి వెళ్లడం, అంతే. చిక్కంతా దారిలోనే కానీ కోరికలో లేదు. అందుకే జనం వెంట నడిచారని నా లెక్క.

చెక్కసెట్టు
తిరిగే నడవా కంప్యూటర్ మాయ కాదు, నిజంగా కట్టిందే. ఇంగ్లండ్‌లో కార్డింగ్టన్ దగ్గర, ఒకప్పుడు గాలి ఓడల కోసం కట్టిన పెద్ద షెడ్డులో. ఆర్థర్ వేషం వేసిన జోసెఫ్ గోర్డన్-లెవిట్ అందులోనే దొర్లుతూ కొట్లాడాడు.

వినికిడి
ఎవరూ శబ్దం ఊసెత్తలేదు! విమానంలో పది గంటలు మొదటి కలలో వారం, రెండో దానిలో ఆరు నెలలు, మూడో దానిలో పదేళ్లు. మేలుకొలుపుగా వాడిన ఫ్రెంచ్ గాయని ఎడిత్ పియాఫ్ పాట కూడా అలాగే సాగితే ఎలా ఉంటుంది? సంగీత దర్శకుడు హాన్స్ జిమ్మర్ ఆ పాటను నెమ్మది చేసి, అందులోంచే గుండెలదిరే ఆ బూరల మోత పుట్టించాడు. శబ్దానికి రెండు, ఛాయాగ్రహణానికి ఒకటి, దృశ్య ప్రభావాలకు ఒకటి ఆస్కార్లు వచ్చాయి సరే. నాలుగు వేగాల్లో నడిచే కథను తడబడకుండా కూర్చిన ఎడిటర్ లీ స్మిత్‌కు నామినేషన్ కూడా దక్కలేదు. ఇదేం న్యాయం?

మూడోవరుస
సరే, మీ అందరి పోరు పడలేక ఇంకోసారి చూస్తాను. ఈసారి హెడ్‌ఫోన్‌తో.

వినికిడి
చూడండి. పేర్లు పడుతున్నప్పుడు మాత్రం ఆపేయకండి, ఆ పాట మళ్లీ అక్కడ వస్తుంది.