ఫిబ్రవరి చివర్లో డబ్లిన్ వైపు మంచు పడే ఆశ ఇంకా ఉందా?

నమస్కారం అండీ. మేం డబ్లిన్‌కి దక్షిణాన, బ్రేలో సముద్రం పక్కనే ఉంటాం. ఈ చలికాలమంతా మంచు కోసం ఎదురుచూపులే. మొన్న రాత్రి మంచు రేకులు పడుతుంటే పాపని నిద్రలేపి కిటికీ దగ్గరికి తీసుకెళ్లాను. కారు అద్దం మీద పడ్డ రేకు పడ్డట్టే నీరైపోయింది. పది నిమిషాల్లో ఉత్త వానే మిగిలింది. పాప ముఖం చూసి మనసు చివుక్కుమంది.

2018లో ఎమ్మా తుఫాను వచ్చి ఐర్లాండ్ అంతటా రెడ్ వార్నింగ్ (అన్నిటికంటే తీవ్రమైన వాతావరణ హెచ్చరిక) పెట్టింది మార్చి మొదట్లోనే కదా, అందుకే ఆశ వదులుకోలేదు. తూర్పు గాలి ఐరిష్ సముద్రం దాటి వస్తే మా వైపు మంచు జల్లులు పడతాయని తెలుసు. కానీ పడేది వానా, మంచా అన్నది ఒకరోజు ముందు ఎలా పట్టాలి? డ్యూ పాయింట్ (గాల్లోని తేమ నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) సున్నా కంటే తక్కువుంటే చాలా, లేక 1500 మీటర్ల ఎత్తులో ఉష్ణోగ్రత కూడా చూడాలా? ఒడ్డున ఉన్నవాళ్లకి సముద్రపు వేడి ఎంత దెబ్బకొడుతుంది?

ఇక్కడ పడకపోతే విక్లో కొండలకే వెళ్దామనుకుంటున్నాం. అక్కడ పైన కొండల మీదుగా వెళ్లే శాలీ గ్యాప్ రోడ్డంటే చిన్నపిల్లతో కాస్త టెన్షన్‌గా ఉంది. అంత పైకి వెళ్లకుండా మంచు దొరికే చోటు తెలిస్తే చెప్పండి, ప్లీజ్.